అల్లుడుగారి బండికి ఫ్యూజు

హలో… ఆ, నేనేనండి, జోగేశ్వరరావుని. చెప్పండి అల్లుడుగారూ. పట్టిసీమ చేరిపోయేరా?

…ఇంకా లేదా. తాళ్ళపూడి దాటేరా? …ఆహా, గట్టు మీదున్నారు. మంచిదండి. మా అమ్మాయి ఎలా ఉంది? వెనక సీట్లో మీ అమ్మగారికి ఇబ్బందేం లేదు కదా?

…ఏంటీ, పాట ఆగిపోతోందా?

ఆగి, మళ్ళీ వస్తోంది. ఎన్నిసార్లండి? …నాలుగుసార్లు. మీటర్ల దగ్గర లైట్లు కూడా మినుకుమంటున్నాయా. ఊఁ… బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగి ఆరిపోతోంది…

హలో? మాట తెగుతోందండి. …ఆ, ఇప్పుడు వినపడుతోంది. బండి స్పీకర్లలోనే మాట్లాడుతున్నారా? సరే సరే.

అల్లుడుగారూ, వాసనేమన్నా వస్తోందా?

…మీకు రావట్లేదు. మా చిన్నిని అడగండి. అది మా వైరింగు షాపు వెనకాలే పెరిగింది. కాలిన వైరుకీ మాడిన పప్పుకీ తేడా దానికి తెలుసు.

…వస్తోందందా! ఎప్పట్నించి? …కొవ్వూరు నించీనా!

మరి చెప్పదేం… చెప్పిందా. చేలో గడ్డి తగలెడుతున్నారని మీరన్నారు. …అలాగేనండి. గడ్డే అయ్యుంటుంది. నేను కాదనట్లేదు. కానీ బండి ఒక్కసారి పక్కకి తియ్యండి బాబూ.

…పదకొండున్నరకి అభిషేకం. తెలుసండి. పడవెక్కాలి, అదీ తెలుసు. ఐదే ఐదు నిమిషాలు.

…ఏంటండి? ఫ్యూజు ఎగిరిందేమో అంటున్నారా?

ఫ్యూజేదండి అక్కడ? మీరు వద్దన్నారు కదా!

…అవునండి, ఆంప్లిఫయరు వైరుకుంది. నేననేది అది కాదు. మీ పెద్ద స్పీకర్లకి కరెంటు చాలదని ఆల్టర్నేటరు నించి బ్యాటరీకి కొత్తగా లాగేం చూడండి, వేలెడు లావు ఎర్రవైరు… దానికి. గురువారం ఫ్యూజు చేత్తో పట్టుకుని మీ ఎదురుగా నిలబడ్డాను. మీరు వద్దన్నారు.

…మీ ఫ్రెండు ఉదయ్‌భాస్కర్‌గారు చెప్పేరు. నిజమే. ఆయన చెప్పింది అబద్ధం కాదండి, సగం నిజం. ఆల్టర్నేటరు ఎంత ఇవ్వగలదో అంతే ఇస్తుంది, వైరు అంతకంటే లావుంది, ఇంక ఫ్యూజెందుకు అంటారు. ఒప్పుకున్నాను. కానీ వైరుకి రెండు కొసలుంటాయి కదండీ! రెండో కొస బ్యాటరీకుంది. అది కొలిచి పోసేది కాదు. ఆ వైరు ఎక్కడన్నా ఒరుసుకుని ఇనుముకి తగిలిందా, బ్యాటరీ తన దగ్గరున్నదంతా ఒక్కసారి కుమ్మరించేస్తుంది. ఇంక ఆ వైరే పొయ్యి అయిపోతుంది. ఫ్యూజు అందుకండి. ఆల్టర్నేటరు కోసం కాదు, వైరు కోసం. బ్యాటరీ పక్కన జానెడు దూరంలో…

…యూట్యూబులో ఆయనెవరో పెట్టుకోలేదా. పెట్టుకోకపోతే మానెయ్యనీండి. ఆయన బండిలో మా అమ్మాయి లేదు కదండీ!

— నువ్వుండు సంపూర్ణా! మర్యాదగానే మాట్లాడుతున్నాను!

…ఏం లేదండి, మీ అత్తగారు. గొంతు తగ్గించమని సైగలు చేస్తోంది. అల్లుడితో అరిచి మాట్లాడకూడదట. తగ్గించేనండి. ఇదిగో, తగ్గించేను.

సరే, ఒకటి చెప్పండి. బయల్దేరేముందు బానెట్టు ఎత్తేరా?

…ఎత్తేరు. ఊఁ. ఎందుకండి?

…ఫోటోకి.

…ఆ. బాగుంటుంది. ఎర్రవైరు పైకి ఎబ్బెట్టుగా కనపడుతోందని… ఆ… ఏంటీ?

కదిపేరా? వైరు కదిపేరా!

…దాన్ని ఇంజను వెనకాలకి తోసేసేరు. మరి క్లిప్పులు? …పీకేసేరు. ఎన్నండి? …నాలుగూనా!

అయ్యా… అల్లుడుగారూ… ఆ క్లిప్పులు నేను అందానికి కొట్టలేదండి. గంటన్నర దాని కిందే పడుకుని, ఎక్కడా ఇనుము తగలకుండా, వేడి తగలకుండా చూసుకుని ఒక్కోటీ కొట్టేను. ఆ వెనకాల రేకు బ్రాకెట్టుంది. దాని అంచు కత్తిపీటే. మీరు తెచ్చి తెచ్చి వైరుని దాని మీద పెట్టేరు. కొవ్వూరు నించీ అది కోసుకుంటూ వస్తోందండి!

…కాదండి, మీమీద తోసెయ్యడానికి కాదు. తప్పు ఎవరిదో తర్వాత తేల్చుకుందాం. ముందు బండాపండి.

…ఐదు కిలోమీటర్లే. అక్కడికెళ్ళేక చూపిస్తారు. ఎవరికండి, గుళ్ళో వీరభద్రుడికా!

…క్షమించండి. నోరు జారేను. ఆపండి బాబూ, మీకు పుణ్యముంటుంది. పెళ్ళయ్యి ఏడాదయింది, నేను మిమ్మల్ని ఇది కావాలని ఒక్కటి అడిగేనా? అలకపాన్పు మీద మీరు అడిగిందిచ్చేను, పండక్కి మీరు చెప్పిన రంగు చొక్కానే తెచ్చేను. ఈ ఒక్కటీ నేనడుగుతున్నాను. బండాపండి.

…భయపడుతున్నానా? అవునండి, భయపడుతున్నాను! ముప్ఫై ఏళ్ళ నించి చేస్తున్న పని కాబట్టి భయపడుతున్నాను! తెలియనివాడికి భయమేంటండి!

…అబ్బెబ్బే, మిమ్మల్ననలేదు. మామూలుగా అన్నాను.

— సంపూర్ణా, నా నోటికడ్డం పెట్టిన ఆ చెయ్యి తియ్యి ముందు!

అల్లుడుగారూ, ఒక్కసారి అమ్మాయితో మాట్లాడనివ్వండి. …ఆ, వింటోందా. చిన్నీ, ఏసీ గాల్లోంచి ఏమన్నా…

…ఏంటమ్మా?

తెల్లగానా? తెల్లగా వస్తోందా?

…పొగమంచంటున్నారా. మే నెల్లో, పదిన్నరకి, పొగమంచు! అల్లుడుగారూ, అది పొగమంచు కాదండి. ఆపండి. …గుడి కనపడుతోందా? కనపడనీండి! ఆపండి! …ఇంకొక్క నిమిషం కాదు—

ఒరేయ్ జయంతూ! బండాపరా! ఆపరా ఎదవా! నీ ఫోటోలు తగలెట్టా, ఆపమంటుంటే అర్థం కాదురా నీకు! నా కూతుర్ని చంపేస్తావురా! తాళం తిప్పి దిగరా బయటికి! దిగు!

…

హలో?

…హలో! జయంత్‌గారూ! …హలో!

— ఉండవే, ఏడవకు, వినపడట్లేదు నాకు.

చిన్నీ! చిన్నీ, పలకవే!

…ఆ. ఆ, చెప్పు. దిగేరా? అందరూనా? మీ అత్తగారో? …దింపేవా. బంగారుతల్లివి. దూరం వెళ్ళండి, ఇంకా దూరం. గట్టు దిగిపోండి.

మంటుందా, ఒట్టి పొగేనా? …సరిగ్గా చూడు. …పొగే. ఇంజనాపేరా? …ఆపేరు. అది చాలదమ్మా, బ్యాటరీ ఇంకా పోస్తూనే ఉంటుంది. మీ ఆయన ఎక్కడ? …బండి దగ్గరే నిలబడిపోయేడా. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టు… వద్దొద్దు, నువ్వెళ్ళకు! అక్కణ్ణించే అరిచి చెప్పు.

డిక్కీలో స్టెప్నీ పక్కన గుడ్డసంచి ఉంటుందను. అందులో పది నంబరు స్పానరు. …దొరికిందా? చేతికి తువ్వాలు చుట్టుకోమను. బానెట్టు కొంచెం తెరిచి, ఆగి చూసి ఎత్తమను. మంట కనపడితే వదిలేసి పరిగెత్తమను, బండి పోతే పోయింది. …లేదా? సరే. నల్లవైరు. నల్లది! మైనస్సు. ఎర్రదాని జోలికి పోవద్దను.

…తిప్పుతున్నాడా. ఎటు? …అటు కాదు, అటు తిప్పితే బిగుస్తుంది! ఎడంపక్కకి!

…ఆ.

…ఊడిందా?

…పూర్తిగా పక్కకి వంచేసి పెట్టమను, మళ్ళీ తగలకుండా. …పొగ తగ్గుతోందా? …తగ్గుతోంది.

అమ్మయ్య.

చిన్నీ, వైరు ఎంత మేర కాలిందో అడుగు. …మూరెడా. పక్కన సన్నగా నల్లగొట్టం పోతుంటుంది, పెట్రోలుది. దానికి ఎంత దూరంలో కాలింది?

…బెత్తెడు.

…

…ఉన్నానమ్మా. ఏం లేదు. స్టూలు మీద కూర్చున్నాను.

…ఆ సంచిలోనా? అవును, ఫ్యూజే. హోల్డరుతో సహా. నేనే పెట్టేను. …ఎందుకంటే ఏం చెప్పనే. మీ ఆయన వద్దన్నదాన్ని బిగించడానికి ధైర్యం చాల్లేదు. మీ అందర్నీ అలా పంపెయ్యడానికి మనసొప్పలేదు. సంచిలో పడేసి, నా పని నేను చేసేననుకున్నాను. సంచిలో ఫ్యూజు ఎవరికి కావాలే!

…ఎక్కడికెళ్ళేరు? …రావిచెట్టు… ఏదో చెట్టుకింద ముఖం అటు తిప్పుకుని కూర్చున్నారా. అలిగేరన్నమాట. అలగనీ అమ్మా. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు అలగమను. ఆయన అలిగితే నాకు ఇవాళ ప్రాణం లేచొచ్చినట్టుంది.

…ఎవరూ? మీ అత్తగారా? …ఇస్తున్నావా? ఉండు, ఉండు… ఆ, ఇవ్వు.

నమస్కారమండి, చెల్లెమ్మగారూ. …మీకేం దెబ్బలు తగల్లేదు కదండీ? …క్షమించాలండి. మీ ఎదురుగా మీ అబ్బాయిని నానామాటలూ అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు.

…అన్నీ వినపడ్డాయా. డిక్కీలో పెద్ద స్పీకర్లోంచీనా… గట్టు కింద మేకలావిడ కూడా లేచి నిలబడిందా. ఏం చెయ్యనండి, సిగ్గుతో చచ్చిపోతున్నాను.

…ఏంటండి?

…గురువారమా.

…మీరన్నది నిజమేనండి. ఆ కేక గురువారమే వెయ్యాల్సింది. …ఎందుకు వెయ్యలేదంటే… అల్లుడుగారు కదండీ. ఇంకెవడైనా అయితే తాళాలు చేతిలో పెట్టి, పో బయటికి అనేవాణ్ణి. అన్నాను కూడా, చాలామందిని. మా ఊళ్ళో అడగండి, జోగేశ్వరరావు ఫ్యూజు లేకుండా బండి బయటికి పంపడని చెప్తారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కటే పంపేనండి.

…అందులో మా అమ్మాయిని నేనే ఎక్కించి, తలుపేసేను.

…లేదండి. ఏడవట్లేదు. షాపు షట్టరు దించుతున్నాను.

…మీరు ఆటో చూసుకుని గుడికెళ్ళిపొండి. అభిషేకం మానొద్దు. నేను బస్సెక్కి వస్తున్నాను. నేనొచ్చేదాకా ఆ బండిలో ఎవర్నీ కూర్చోనివ్వకండి. అల్లుడుగార్ని కూడా… జయంతుని కూడానండి. వినకపోతే నాకు ఫోను చెయ్యండి, మళ్ళీ తిడతాను.

…ఉంటానండి.