పన్నెండడుగుల లోతు నాణెం

సైలస్ గారు అబద్ధాలాడతారంటే నేనొప్పుకోను. ఆయన నిజాన్ని పెంచుకుంటారు, అంతే. ఎక్కడో పుట్టిన బక్క నిజాన్ని ఇంటికి తెచ్చి, మూడు పూటలా మేపి, నలుగురిలోకి తోలుకొచ్చేసరికి దాన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. అమెరికాలో మా బెంటన్‌విల్ తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక, వెనక హాల్లో టీ ఫ్లాస్కు పక్కనుండే మడత కుర్చీ ఆయనది. చుట్టూ చేరే పదిమందిలో సగం మంది ఆయన లీడ్‌గా ఉన్న సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగులు. కాబట్టి ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వు ఠంచనుగా వచ్చేది.

ఏసుపాదం ఆ ప్రాజెక్టులో లేడు. అతనికి నవ్వాల్సిన పనిలేదు. అయినా ఆ ఆదివారం అందరికంటే ముందొచ్చి సైలస్ గారి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోంచి తియ్యలేదు.

సంగతేమిటంటే, ఐదు వారాల కిందట సండే స్కూల్ పిల్లలకి లేక్ పక్క పార్కులో పిక్నిక్ పెట్టారు. బైబిల్లో పది నాణేల్లో ఒకటి పోగొట్టుకుని ఇల్లంతా ఊడ్చి వెతికిన ఆవిడ పాఠం ఉంది కదా, దాన్ని పిల్లలకి ఆటగా నేర్పాలని జెమీమాకి తోచింది. జెమీమా ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, వారమంతా మందుల షాపులో ఫార్మసిస్టు, ఆదివారం సండే స్కూల్ టీచరు. పాతకాలం నాణేల్లా కనపడే ఇత్తడి బిళ్ళలు పది ఆన్‌లైన్‌లో తెప్పించి, మట్టిలో పాతిపెట్టే పని ఏసుపాదానికి అప్పజెప్పింది. పిల్లలు తొమ్మిది తవ్వి తీశారు. పదోది ఎక్కడ పాతాడో ఏసుపాదానికే గుర్తు రాలేదు. గుర్తులు రాసుకున్న కాగితం పేపరు ప్లేట్లతో పాటు చెత్తబుట్టలోకి పోయింది. పోతే పోయిందిలే, బోడి ఇత్తడి బిళ్ళ అన్నారందరూ. అతనూ అలాగే అనుకుని ఇంటికొచ్చి, గోళ్ళలో మట్టి కడుక్కుంటుంటే వేలికి పెళ్ళి ఉంగరం లేదు.

పాస్టరుగారి ముందు దేవకుమారి తన చేత్తో తొడిగిన ఉంగరం అది. వీసా స్టాంపింగ్ కోసం నరసాపురం వెళ్ళిన దేవకుమారి ఎనిమిది నెలలు అక్కడే ఇరుక్కుపోయింది. ఈలోగా సొంత వంట తిని ఇతని వేళ్ళు చిక్కిపోయాయి, ఉంగరం వదులైంది. మంగళవారం ఆమె ఫ్లైట్ దిగుతోంది. దిగీ దిగగానే ముందు చూసేది ఇతని చెయ్యే. వీడియో కాల్‌లో ఐదు వారాలుగా కుడి చేత్తోనే తల గోక్కుంటున్నాడు, కుడి చేత్తోనే టాటా చెబుతున్నాడు. తొమ్మిది గుంతలూ మళ్ళీ గెలికి చూశాడు. దొరకలేదు. ఉంటే పదో గుంతలో ఉండాలి, పదో గుంత ఎక్కడో దేవుడికే తెలియాలి.

అందుకని మెటల్ డిటెక్టర్ కొనాలనుకుని వారం రోజులు రివ్యూలు చదివాడు. ఎంత చదివితే అంత అయోమయం. సైలస్ గారు ఒకటి కొన్నారని తెలిసింది. ఉంగరం మాట ఎత్తితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, పడుకునేలోపు నరసాపురం చేరుతుంది. అందుకే, పార్కుల్లో పాత కాయిన్స్ వెతకడానికి ఏ మిషన్ కొనమంటారన్నా, అని మాత్రం అడిగాడు.

సైలస్ గారు టీ ఊదుకుని, కప్పు పక్కన పెట్టారు. కప్పు పక్కన పెట్టారంటే కథ పెద్దదని ఫ్లాస్కుకి కూడా తెలుసు.

"నాకేం పెద్ద తెలుసని తమ్ముడూ. ఏదో ఒక మిషన్ కొన్నాను, ఏదో ఒక కాయిన్ దొరికింది. అంతే. కానీ కొనేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. షాపువాడు ఐదు మిషన్లు తెచ్చి నా ముందు పెట్టాడా, మామూలు వాళ్ళయితే ఏం చేస్తారు, ఒక క్వార్టర్ కాయిన్ కింద పడేసి టెస్ట్ చేస్తారు. నేను మొదటి మిషన్ తీసి డైరెక్ట్‌గా వాడి దవడకి ఆనించాను. కుయ్యిమంది. వాడి పన్నులో ఫిల్లింగ్ ఉందన్నమాట. రెండోది పెట్టాను, ఆ ఫిల్లింగ్ ఏ సంవత్సరం వేశారో చెప్పింది. మూడోది పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డెంటిస్ట్ పేరు స్క్రీన్ మీద పడింది. అది చూసి వాడు భోరుమన్నాడు. ఆ డెంటిస్ట్ చచ్చిపోయిన వాళ్ళ నాన్నంట."

"అదే కొనేశారా అన్నా?" అన్నాడు ఇమ్మాన్యుయేల్. ఇతను సైలస్ గారి ప్రాజెక్టులో టెస్టింగ్ చేస్తాడు. కాంట్రాక్టు సెప్టెంబరు వరకే ఉంది.

"వాడే కారులో పెట్టి పంపాడు," అన్నారు సైలస్ గారు.

అక్కడినుంచి కథ పార్కుకి వెళ్ళింది. మిషన్ ఆన్ చేయగానే వచ్చిన మోతకి పార్కులో ఉన్న కుక్కలన్నీ ఒక్కసారి కూర్చున్నాయట. ఈయన అడుగు వేస్తే అవీ లేచి అడుగు వేస్తున్నాయట, వాటి వెనక వాటి యజమానులు. అలా నలభై కుక్కలతో ఊరేగింపుగా వెళుతుంటే పోలీసు కారొచ్చి, ఆపడానికి బదులు ముందు లైట్లు వేసుకుని దారి చూపించిందట. ఏసుపాదం ఓపిగ్గా విన్నాడు. పని ఉన్నవాడికి ఓపిక దానంతటదే వస్తుంది.

సైలస్ గారు కోటు జేబులోంచి ఎర్ర వెల్వెట్ డబ్బా తీశారు. మూత తెరిచి అందరికీ ఒక్కసారి అలా తిప్పారు. లోపల ముసలి రాజు తల ఉన్న పచ్చటి బిళ్ళ. రాజు చెవి కింద ఎర్రటి చుక్క.

"ఆ మరక చూశారా? రక్తం. స్పెయిన్ దొంగ ఒకడు దీన్ని గుప్పిట్లో పట్టుకుని చచ్చాడు. మూడొందల ఏళ్ళయింది, ఇంకా పోలేదు. సబ్బు పెట్టి రుద్దాను, పోలేదు. ల్యాబ్ వాళ్ళు ముట్టుకోవడానికి భయపడ్డారు."

ఏసుపాదం ముందుకి వంగి చూశాడు. ఆ చుక్క అతనికి తెలుసు. ఆట అయ్యాక బిళ్ళలు మనవేనని గుర్తుపట్టడానికి జెమీమా తన నెయిల్ పాలిష్‌తో పదింటికీ చుక్కలు పెట్టింది. పెడుతుంటే పక్కన కూర్చుని, తడి ఆరేదాకా ఊదింది ఏసుపాదమే. పిక్నిక్ రోజు సైలస్ గారు డల్లాస్‌లో పెళ్ళికి వెళ్ళారు. ఆయనకి ఆ ఆట సంగతే తెలియదు.

పదో నాణెం దొరికింది. అది తీసిన గుంతలోనే తన ఉంగరం ఉంది. ఆ గుంత ఎక్కడో ప్రపంచంలో ఒక్క మనిషికి తెలుసు, ఆ ఒక్క మనిషీ సైలస్ గారు. ఏసుపాదానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇది మాది అనేస్తే ఆయన పరువు పోతుంది. పరువు పోయినవాడు డబ్బా మూసి లేచి వెళ్ళిపోతాడు, గుంత ఆయనతోనే వెళ్ళిపోతుంది. అందుకే మెత్తగా, "పార్కులో ఏ వైపు దొరికిందన్నా?" అన్నాడు.

"లేక్ పక్కన," అన్నారు సైలస్ గారు. వెంటనే అది ఆయనకి చిన్నగా అనిపించినట్టుంది. "పక్కనంటే పక్కన కాదు, కొండ మీద ఓక్ చెట్టు ఉంది చూడు, దాని వేళ్ళ కింద. రెండడుగులు తవ్వాను, లేదు. ఆరడుగులు తవ్వాను, లేదు. మిషన్ మాత్రం కిందికి, కిందికి అంటోంది. నోటితోనే అంటోంది. పన్నెండడుగులు దిగాక నిచ్చెన లేదని గుర్తొచ్చింది. పైనుంచి ఉడతలు ఓక్ కాయలు వేస్తున్నాయి, తినమని."

"చెట్టుకి ఏ పక్క?" అన్నాడు ఏసుపాదం.

"చెట్టు అక్కడ లేదయ్యా, తవ్వేసరికి పడిపోయింది. అసలా గొయ్యి అడ్డంగా తిరిగి మిస్సోరి బోర్డర్ దాకా వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాళ్ళ కింద గడగడమని చప్పుడు. చెవి ఆనించాను. అవతల వైపునుంచి ఎవరో బోరు వేస్తున్నారు. నీళ్ళు పడ్డాయా అని ఒకడంటే, ఇంకా లేదండి అని ఇంకొకడు. అచ్చం మా పాలకొల్లు యాస. ఇంకో రెండడుగులు ఆగండ్రా, ఇటునుంచి నేనొస్తున్నానని అరిచాను."

అందరూ నవ్వారు. ఇమ్మాన్యుయేల్ తొడ చరుచుకున్నాడు. ఏసుపాదం తనలో తాను లెక్క వేసుకుంటున్నాడు: లేక్, ఓక్ చెట్టు, మిస్సోరి, పాలకొల్లు. అడిగిన ప్రతిసారీ ఉంగరం ఇంకో వంద మైళ్ళు దూరం జరుగుతోంది. ఇంకోసారి అడిగితే చంద్రుడి మీదికి వెళ్ళేట్టుంది. అతనికి నిజంగా కోపం వచ్చింది. ఈయన గొప్ప ఈయన చెప్పుకుంటే తనకేం నష్టం లేదు, కానీ ఆ గొప్ప కింద తన పెళ్ళి ఉంగరం పూడిపోతోంది.

చివరి ప్రయత్నంగా, "కాయిన్ పక్కన ఇంకేమన్నా మోగిందా అన్నా?" అన్నాడు.

"మోగింది. అయితే నా మిషన్ చెత్తని లెక్కచెయ్యదు తమ్ముడూ, కొన్నరోజే సెట్ చేసి పెట్టాను. కూల్‌డ్రింక్ డబ్బా మూతకి చిన్న రింగ్ ఉంటుంది చూడు, అది అని స్క్రీన్ మీద చూపించింది. సైలస్ అనేవాడు చెత్త కోసం వంగడు. కాలితో మట్టి కప్పేసి వచ్చేశాను."

వారం రోజుల రివ్యూల్లో ఏసుపాదానికి అర్థమైన ముక్క ఒకే ఒక్కటి. బంగారు ఉంగరానికీ డబ్బా మూత రింగ్‌కీ మిషన్ ఒకేలా మోగుతుంది. చెత్త వద్దని సెట్ చేసుకున్నవాడికి ఉంగరం ఎప్పటికీ దొరకదు.

ఇక మెత్తదనం కుదరదనిపించింది. జేబులోంచి ఎడమ చెయ్యి తీసి టేబుల్ మీద పెట్టాడు. వేలి మీద తెల్లటి గీత అందరికీ కనపడింది.

"అన్నా, ఆ కాయిన్‌ని పాతిపెట్టింది నేను. మూడొందల ఏళ్ళ కిందట కాదు, ఐదు వారాల కిందట, పిల్లల ఆట కోసం. మొత్తం పది. తొమ్మిది జెమీమా బ్యాగులో ఉన్నాయి. మీరు కాలితో కప్పేసిన చెత్త నా పెళ్ళి ఉంగరం. మంగళవారం దేవకుమారి వస్తోంది. మీ కథ మీరే ఉంచుకోండి. ఆ గుంత ఎక్కడో చెప్పండి చాలు."

ఓ చెవి ఇటే వేసి అటు పిల్లలకి బిస్కెట్లు పంచుతున్న జెమీమా తన పేరు విని వచ్చింది. డబ్బాలోకి వంగి చూసి, చూపుడు వేలు ఆ చుక్క పక్కన పెట్టింది. గోరూ చుక్కా ఒకటే రంగు.

"అంకుల్, ఇది బ్లడ్ కాదు. నా నెయిల్ పాలిష్," అంది. ఆమె గొంతులో ఎగతాళేమీ లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఇమ్మాన్యుయేల్‌కి ముందుగా నవ్వొచ్చింది. అంతలో సోమవారం పొద్దుటి మీటింగ్ గుర్తొచ్చి దాన్ని దగ్గులోకి మార్చాడు. కానీ ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు, పక్కవాళ్ళకీ అంటుకుంది. పదేళ్ళలో ఆ కుర్చీ చుట్టూ ఎవరూ అడక్కుండా వచ్చిన మొదటి నవ్వు అది.

సైలస్ గారు డబ్బా మూత మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. ఏసుపాదం వేలి మీద తెల్ల గీత వైపు చూసి తల దించుకున్నారు.

"ఉయ్యాల పక్కన," అన్నారు నెమ్మదిగా. "ఎడమ స్తంభం దగ్గర."

"పదండి, మిషన్ తీసుకుని వెళదాం."

"మిషన్ లేదు. మొన్న రిటర్న్ చేసేశాను. ముప్పై రోజులు దాటితే తీసుకోరు కదా."

ఆ మాటకి అక్కడున్న వాళ్ళలో నలుగురైదుగురు వాడుకుని రిటర్న్ చేద్దామని తమ ఇళ్ళలో ట్యాగులు తీయకుండా దాచిన వస్తువులు గుర్తొచ్చి నేల చూశారు. ఏసుపాదం చర్చి కిచెన్లోకి వెళ్ళి, అన్నం వడ్డించే గరిటె ఒకటి తెచ్చి సైలస్ గారి చేతిలో పెట్టాడు.

మూడు కార్లలో బయలుదేరారు. సైలస్ గారు, ఏసుపాదం, జెమీమా ఉన్న ముందు కారు పది నిమిషాల్లో పార్కుకి చేరింది. సైలస్ గారు కోటు విప్పి, ఇస్త్రీ ప్యాంటుతోనే ఉయ్యాల స్తంభం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. రెండు గరిటెల మట్టి తీశారో లేదో, మూడో గరిటెలో పసుపుపచ్చగా ఏదో మెరిసింది. ఆయన దాన్ని వేళ్ళతో తుడిచి ఎండకి ఎత్తి పట్టుకున్నారు. లోపల దేవకుమారి పేరు చెక్కి ఉంది.

ఏసుపాదం దాన్ని అందుకుని వేలికి పెట్టుకోలేదు, మళ్ళీ జారుతుందని భయం. పిడికిట్లో బిగించి పట్టుకుని, అక్కడే గడ్డి మీద కూలబడ్డాడు. ఐదు వారాల్లో మొదటిసారి అతనికి ఊపిరి నిండా ఆడింది. సైలస్ గారి మీద కోపం కూడా ఎటో పోయింది.

ఈలోగా వెనక కార్లలో వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. దొరికిందా, ఎలా దొరికింది, ఎంత లోతున దొరికింది అని ఒకటే అడగడం. సైలస్ గారు లేచి నిలబడ్డారు. మోకాళ్ళ మట్టి దులుపుకున్నారు. గరిటె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, గొంతు సవరించుకున్నారు.

"అసలు ఏమైందో తెలుసా?" అన్నారు.

"మూడు ఇంచెస్, అంకుల్," అంది జెమీమా.