ఉలికి కాటుక

అన్యాయం జరిగింది పారమ్మకి. ఎప్పుడంటే, మొగుడు జ్వరంతో పోయిన ఆ కార్తీకమాసంలో, ఊరి పెద్దలందరూ చూస్తుండగా. చూస్తుండగానే జరిగింది గానీ ఒక్కడికీ కనపడలేదంట, అదీ విశేషం. ఆళ్ళది తరిమెన పట్టే ఇల్లు. తరిమెన అంటే తెలుసుగా, తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే కర్ర గిరగిరా తిరుగుతాది, ఇంకొకరు ఉలి ఆనించి లక్కపిడతలూ బరిణెలూ తీస్తారు. మొగుడు ఉలి పట్టేవాడు, పారమ్మ తాడు లాగేది. ఇప్పుడు మొగుడు లేడు. బావ ఎర్నాయుడొచ్చి, తమ్ముడి తరిమెన నా పాకలో పెట్టుకుంటాను, మరదలు నాకు తాడు లాగుతాది, ఇంత కూడు పడేస్తాను అన్నాడంట. పారమ్మ తలెత్తి, తాడెందుకు బావా, నేను ఉలి పడతాను అంది. "ఆడది ఉలి పడితే కర్ర నవ్వుతాదే" అన్నాడు. "నవ్వనీ బావా. ఏడ్చిన ఇల్లే కదా, కాస్త నవ్వు వినపడితే మంచిదే" అంది.

ఆ ఊరికో కట్టుంది. చైత్రంలో గట్టమ్మ తల్లి పండగకి ఏటా కొత్త కుంకం బరిణె తీసివ్వాలి. పూజారి దాని నిండా కుంకం పోసి, మూత పెట్టి, ఆ మూత ఒక్కటే పట్టుకుని పైకెత్తుతాడు. బరిణె జారి పడిందా, ఆ చెయ్యి ఉలికి పనికిరాదని లెక్క. పెద్దలు ఆ మాటే పెట్టారు. పారమ్మ బరిణె నిలిస్తే తరిమెన పారమ్మది, పడితే బావది. ఎర్నాయుడు ఎంత మంచోడో చూడండి, తమ్ముడి ఉలులన్నీ మూటగట్టి మరీ ఇచ్చాడు. అందరూ ఆహా అన్నారు. ఇస్తూ ఇస్తూ ఏమన్నాడంటే, "సానరాయి మాత్రం మా అయ్యది, పెద్దకొడుకుని, నా కాడుంటాది" అన్నాడు. రాయేగా, పోనీ అనుకున్నారు ఆ మగమారాజులంతా. ఉలులిచ్చి సానరాయి దాచుకోవడమంటే ఆవునిచ్చి మేత దాచుకోవడమని ఒక్క బుర్రకీ తట్టలేదు. పాపం, పారమ్మకీ తట్టలేదనుకో.

అత్త చినతల్లి తాడు లాగుతుంటే పని మొదలెట్టింది. మొదట్లో అంకుడు కర్ర వెన్నలా తెగింది. రానురానూ ఏమైందంటే, తెగడం మానేసి పీచులు లేవడం మొదలెట్టింది. ఉలి జారేది, ఎగిరిపడేది. నా చేతిలో బలం చాల్లేదనుకుని ఆ పిచ్చిది ఇంకా గట్టిగా నొక్కేది. కొత్తగా పట్టినోళ్ళంతా చేసే తప్పే అది, బలం తప్పితే ఇంకోటి గుర్తురాదు. నొక్కగా నొక్కగా ఒకరోజు ఉలి కర్రని కరుచుకుంది, బరిణె రెండు చెక్కలై పొయ్యి దగ్గరికెళ్ళి పడింది. పారమ్మ కూలబడిపోయి, అత్తా, బావన్న మాటే నిజమేమో, నా చెయ్యి ఇంతేనేమో అంది.

చినతల్లి తాడు వదిలేసింది. ఆవిడ మొగుడి పక్కన ఏళ్ళకేళ్ళు తాడు లాగిన మనిషి. ఉలి ఏనాడూ ముట్టలేదు, ఇప్పుడు కళ్ళు కూడా మసక. "నీ చెయ్యి కాదే, నీ ఉలి. పదునున్న ఉలి సర్రుమని పట్టుచీర జారినట్టుంటాది. నీది గొంతులో ముల్లిరుక్కున్న కుక్కలా దగ్గుతాది. సంకురాత్రి కాణ్ణించి వింటన్నాను" అంది. "మరి చెప్పవేం అత్తా?" "అడిగితే కదా. తాడు లాగేదానికి చెవులుంటాయని ఈ ఇంట్లో ఎవడనుకున్నాడు? మీ మామ వక్క నమిలినంతసేపటికోసారి ఉలి రాయి మీద పెట్టేవాడు. మొద్దుబారాక కాదు, బారకముందే." అప్పుడు తెలిసిందమ్మా పారమ్మకి, బావ దాచుకున్నది రాయి కాదు, తన చెయ్యి అని.

ఏటికెళ్ళి నున్నటి రాయొకటి ఏరి తెచ్చుకుంది. రుద్దింది, రుద్దింది, భుజాలు పడిపోయేదాకా రుద్దింది. ఉలి మెరిసింది గానీ పదును చూద్దామని గోరు మీద ఆనిస్తే కరుచుకోదు, జారిపోతాది. చెయ్యి ఊగుతుందని ఆమెకి తెలీదు, ఊగితే అంచు గుండ్రమైపోతాదనీ తెలీదు. ఆ విసుగులోనే అత్త కంటికి ఆముదం కాటుక పెట్టి, అదే వేలితో ఉలి అందుకుంది. అంచు దాకా దిగే ఉలి వాలు మీద నల్లగా అంటుకుంది. తుడవబోయి ఆగి, రాయి మీద ఒక్కసారి నెమ్మదిగా లాగి చూసింది. ఏముంది, కాటుక వెనకవైపు పోయింది, అంచు దగ్గర అలాగే ఉంది. ఇన్నాళ్ళూ అంచు రాయికి తగలనే లేదు. ఇంకాస్త ఎత్తి లాగితే అంచు దగ్గరే పోయింది, వెనక మిగిలింది. మళ్ళీ కాటుక పూసింది, మోచెయ్యి పక్కటెముకలకి కట్టేసినట్టు ఆనించింది, చేతులు కదలకుండా ఒళ్ళంతా ఊగుతూ లాగింది. వాలు మొత్తం ఒక్కసారే తెల్లబడింది, పొద్దు పొడిచినట్టు. గోటి మీద పెడితే పిల్లి పిల్లలా కరుచుకుంది.  ఇనుముకీ చూపుంటాది, కాటుక పెడితే కనిపిస్తాది అనుకుంది పారమ్మ.

ఆ మర్నాడు తరిమెన ఎక్కింది. ఉలి ఆనించిందే గానీ నొక్కలేదు. ఉల్లిపొరలాంటి పొర లేచింది. తెగలేదు. లేస్తూనే ఉంది, మణికట్టు మీంచి పారి, ఒళ్ళోకి దిగి, నేల మీద చుట్టలు చుట్టుకుంది. కర్ర మీద ముఖం కనపడేంత నునుపు, మొగలాకు పెట్టి రుద్దే పనే లేదు. చినతల్లి తాడు లాగుతూ లాగుతూ కళ్ళు మూసుకుని ఆ సర్రుమనే చప్పుడు వింది. "మీ మామొచ్చాడే" అంది. పారమ్మ ఉలి కదలకుండా పట్టుకునే ఉంది. నోరు తెరిస్తే ఆ పొర తెగిపోతాదేమోనని భయం.

పండగనాడు జనం గుడి ముందు మూగారు. పూజారి కుంకం పోసి, మూత పెట్టి, మూత పట్టుకుని ఎత్తాడు. బరిణె నిలిచింది. ఊపాడు. నిలిచింది. ఎర్నాయుడు నమ్మలేక చేతిలోకి తీసుకుని, మూత ఎక్కడ మొదలైందో గోటితో వెతికాడంట, దొరకలేదు. తల్లి కొలువుండే గడప దగ్గర అబద్ధం ఆడలేడు కదా. ఇంటికెళ్ళి ఆ సానరాయి మోసుకొచ్చి మరదలి కాళ్ళ ముందు పెట్టాడు. పారమ్మ దాన్ని వేలితో తడిమి చూసి, "నీ కాడే ఉండనీ బావా. నీ పాకలోంచి ఉలి దగ్గు వినపడతందని అత్త చెప్తంది" అంది.

నవ్వకండి, ఊళ్ళో సగంమంది మొద్దు ఉలితో నొక్కుకుంటూ తలరాతని తిట్టుకునేవోళ్ళే. ఆ బరిణె ఇప్పటికీ గట్టమ్మ గుడిలో ఉంది. తిప్పి అడుగు చూస్తే ఉలి మొనతో పారమ్మ గీసిన పండగ తిథి ఉంటాది: శుభకృతు నామ సంవత్సరం, చైత్ర బహుళ పంచమి, మంగళవారం.