హనీఫ్ కోసిన వాక్కాయలు

ఫిజాకి అయిదో నెల. రక్తం తక్కువగా ఉందని నర్సమ్మ మాత్రలిచ్చింది. వాటితో పాటు కాస్త పుల్లటివి తింటే మాత్రల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుందని కూడా చెప్పింది. దాంతో పిల్ల వాక్కాయ పచ్చడి కావాలంది.

"నా చేత్తో కోసి తెస్తానమ్మా," అన్నాడు తండ్రి హనీఫ్.

తల్లి జైతూన్ బీ పకపకా నవ్వింది. "పెరట్లో కరివేపాకు రెబ్బ తుంచి ఎరగరు, ముళ్ళపొదలో చెయ్యి పెడతారా?"

ఆ నవ్వు గుచ్చుకుంది. అందుకే సాయంత్రం సంచి నిండా వాక్కాయలతో బందరులో బస్సు దిగిన హనీఫ్ తిన్నగా ఇంటికి వెళ్ళలేదు. ముందు నరసింహం టీ కొట్లో చెప్పి చూడాలి. ఇక్కడ నమ్మితే ఇంట్లోనూ నమ్ముతారు.

"పాలకాయతిప్ప దగ్గర కట్ట పక్కన పొదండీ. మనిషెత్తుంది. ఒడుపుగా కోశాను."

"ముళ్ళో?" అన్నాడు నరసింహం, టీ తిరగబోస్తూ.

"ముళ్ళా అవి? దబ్బనాలు! తాటిచెట్టంత పొద నిండా..."

"ఇందాక మనిషెత్తన్నారుగా?"

"కోస్తుంటే పెరిగిందండీ, వానాకాలం కదా! అందులో ఓ కాయ జారి సముద్రంలో పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పులుపుకి సముద్రానికి పళ్ళు పులిసి అరమైలు వెనక్కి పోయింది. చేపలన్నీ మూతులు ముడుచుకుని ఒడ్డున కూర్చున్నాయి."

"ఉప్పూ పులుపూ కుదిరాయి, పులుసు పెట్టేయకపోయారా అన్నయ్యా?" అంది వెంకటలక్ష్మి. ఆమెది ఆ తిప్ప పక్క పేటే. ఎండుచేపలు అమ్ముకుని బస్సు కోసం కూర్చుంది.

"తీరికేదమ్మా! ఆకలేసి నాలుగు గుప్పిళ్ళు తిన్నాను. వాక్కాయలో ఇనుమెంతో మీకెవరికీ తెలీదు. ఒంట్లోకి దిగిందో లేదో, వెనక ఖణేల్మని చప్పుడు. చూస్తే లంగరండీ! ఇసకలోంచి లేచి నా వెంట పడింది. దాని వెనక తాడు, తాడు వెనక పడవ, పడవలో నిద్రపోతున్న మనిషి! హంసలదీవి దాకా పరిగెత్తించాయి. బస్సెక్కితే బస్సే నాకు అతుక్కుంది. డ్రైవరు గేరు వేస్తే ఒట్టు. నేను ముందుకి వంగాను, బండి బందరొచ్చేసింది!"

కొట్టంతా ఘొల్లుమంది. వెంకటలక్ష్మి మాత్రం, "ఏదీ, చెయ్యి చూపించండి," అంటూ తన చెయ్యి పక్కన పెట్టింది.

వాక్కాయ తెంపితే తొడిమ దగ్గర తెల్లటి పాలు కారతాయి. అవి ఆరితే నల్లటి జిగురు. సబ్బుకి లొంగదు, నూనె రాసి రుద్దాలి. ఆమె వేళ్ళ సందుల్లో నల్లటి చారలు, మణికట్టు మీద ముళ్ళ గీతలు. హనీఫ్ చేతులు మాత్రం అప్పుడే కడిగిన గ్లాసుల్లా మెరిసిపోతున్నాయి.

"మొన్న కోసినవాటి మరకలు నాకింకా పోలేదన్నయ్యా. మీ పొదకి పాలెండిపోయాయా?"

హనీఫ్ గొంతు తగ్గింది. "మొదటి ముల్లుకే కట్ట మీద కూలబడ్డానమ్మా. మీ పేట ముసలావిడెవరో కోసి సంచి నింపింది. ఇప్పుడు జైతూన్‌కి ఏం మొహం చూపించను?"

వెంకటలక్ష్మి అతని సంచి దగ్గరికి లాక్కుంది. సంచిలోంచి నాలుగు పచ్చికాయలు తీసి, తొడిమలు తుంచి, ఆ పాలు అతని వేళ్ళకి పట్టించింది. "ఆరనివ్వండి. ఇంటికెళ్ళాక పచ్చడికి కాయలు చీల్చి గింజలు తీసేది మీరే. అప్పుడు అబద్ధం సగమే అవుతుంది."

హనీఫ్ మొహం వెలిగింది. మిగిలిన టీ గుక్కలో తాగి గ్లాసు బల్ల మీద పెట్టబోయాడు. గ్లాసు చేతిని వదల్లేదు.

నరసింహం తాపీగా చూశాడు. "ఇనుమొక్కటే అనుకున్నాం. గాజు కూడానా హనీఫ్ గారూ?"