నాలుగు గంటల కుక్క

నా పేరు మీ ముందున్న గుర్తింపు కార్డులో ఉంది. ఆ పేరుతో పిలిస్తే మా ఇంట్లో ఎవరూ పలకరు, నాతో సహా. వీధిలో అందరికీ నేను రంగుల బాబాయిని. వయసు నలభై ఏడు. షాపుల బోర్డులు, బండ్ల నంబరు ప్లేట్లు రాసే పని. చదువు ఎనిమిదో తరగతి సగం. ఆ సగం కూడా బెంచీ ఎక్కి నిలబడే చదివాను. ఈ రోజు గురువారం, నా అంతట నేనే స్టేషన్‌కి వచ్చి ఇన్‌స్పెక్టరు గారి ఎదుట చెబుతున్నాను. ఎవరూ బెదిరించలేదు. రాసే సార్ రెండుసార్లు కసిరారు, అది లెక్కలోకి రాదు.

ముందుగా ఒక మనవి. ఆ తలుపు దగ్గరికి వేయించండి. బయట బెంచీ మీద చేతికి కట్టుతో కూర్చున్న మనిషి మా చెల్లెలి మొగుడు. ఫిర్యాదు ఇచ్చింది ఆయనే. నేను చెప్పేది ఆయన చెవిన పడకూడదు. నేను ఒంటి గంటకి వచ్చాను, కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఇప్పుడు మీ గోడ గడియారంలో మూడు దాటింది. నాలుగింటికి నేను ఇంట్లో ఉండాలి. ఎందుకో మధ్యలో తెలుస్తుంది.

ఆయన ఫిర్యాదులో ఏముందో మీరు చదివి వినిపించారు. మంగళవారం సాయంత్రం మా చెల్లెలి ఇంటి ముందు నుంచి నడిచిపోతుంటే ఇంట్లోని పెంపుడు కుక్క ఉరికి వచ్చి కుడి చెయ్యి కరిచిందట. నల్లటి కుక్కట, రొమ్ము మీద గోధుమరంగట, చెవులు కత్తిరించినట్టు నిటారుగా ఉన్నాయట. దాన్నిబట్టి నిన్న కుక్కల బండి వాళ్ళు మా వీధి లాండ్రీ మెట్ల కింద పడుకునే నల్లటి ముసలి కుక్కని పట్టుకొచ్చి మీ వరండాలో కట్టేశారు. దాన్ని ఈ రోజు ఆయన గుర్తు కూడా పట్టాడు. బెంచీ వెనక్కి వెళ్ళి నిలబడి, ఎడమ చేత్తో చూపించి, ఇదే అన్నాడు. సాయంత్రం బండి మళ్ళీ వస్తుందని, ఆ బండి ఎక్కింది తిరిగిరాదని విన్నాను. అందుకే వచ్చాను.

సార్, దాని నోరు తెరిచి చూడండి. ముందు పళ్ళు ఒక్కటీ లేవు. బన్ను ముక్క కూడా నీళ్ళలో తడిపి పెడితేనే తింటుంది.

మా చెల్లెలి ఇంట్లో కుక్క లేదు. ఎప్పుడూ లేదు. కొరికింది నేను.

రాసే సార్ పెన్ను ఆపారు. ఆపకండి సార్, టైమవుతోంది.

మా చెల్లెలూ నేనూ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాం. తనకి ఒక గది, ఒక వంటిల్లు, ముందు రెండు మెట్లు. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పని. ఎనిమిదింటికి వెళ్తే ఆరున్నరకి వస్తుంది. కూతురికి తొమ్మిదేళ్ళు. బడి నుంచి నాలుగింటికి వచ్చి, మెడలో తాడుకి కట్టిన తాళంచెవితో తలుపు తీసుకుంటుంది. మొగుడితో ఉండలేక చెల్లెలు బయటికి వచ్చేసి రెండేళ్ళయింది. ఎందుకు ఉండలేకపోయిందో దాని ఎడమ మణికట్టు చూస్తే తెలుస్తుంది, ఇప్పటికీ పూర్తిగా తిరగదు. అప్పటినుంచీ ఆయనది ఒకటే మాట. "పిల్లని ఎత్తుకుపోతాను. అప్పుడు నువ్వే వచ్చి కాళ్ళ మీద పడతావు." ఇదే స్టేషన్లో చెప్పుకున్నాం. ఆలుమగల గొడవ అని సర్ది పంపారు. అది రాయకపోయినా సరే. రాస్తే ఇంకా మంచిది.

పోయిన వానాకాలం ఆయన వస్తే నేను మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాను. ఆయన నాకంటే జానెడు పొడుగు, నాకు రెండింతల వెడల్పు. ఒక్క తోపుకి కింద పడ్డాను. పై వరుసలో ముందు పన్ను ఊడి మోరీలో పడింది. ఇదిగో, ఈ సందు. అప్పుడే తెలిసింది, మనిషిగా నేను ఆయనకి అడ్డం కాదని.

కానీ మా బావకి కుక్కంటే చచ్చేంత భయం. కుక్కపిల్ల కనబడినా రోడ్డు దాటిపోతాడు. పెళ్ళైన కొత్తలో నేను తలుపు చాటునుంచి మొరిగితే వీధిలో ఆపి ఉన్న స్కూటరు సీటెక్కి నిలబడ్డాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయన నవ్వలేదు. నేను చిన్నప్పటినుంచీ బాగా మొరుగుతాను సార్. పాలవాడి సైకిలు రెండుసార్లు పడింది నా వల్లే.

అందుకని చెల్లెలు కుక్కని కొందామంది. ముగ్గురం కుక్కలమ్మే షాపుకి వెళ్ళాం. షాపాయన బేరం మాట్లాడకుండా ప్రశ్నలు మొదలుపెట్టాడు, పెళ్ళి సంబంధం చూస్తున్నట్టు.

"ఇల్లు ఎంతమ్మా?"

"ఒక గది అన్నా."

"పగలు ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. నాలుగింటికి పాప వస్తుంది."

"పొద్దునా సాయంత్రం దాన్ని తిప్పేదెవరు?"

చెల్లెలు నా వైపు చూసింది. నేను నిచ్చెన మీద బతికేవాణ్ణి, చూరు వైపు చూశాను.

అల్సేషియన్ అడిగాం. దానికి పరిగెత్తే చోటు కావాలి, మీ గదిలో అది వెనక్కి తిరిగితే గిన్నెలు పడతాయి అన్నాడు. లాబ్రడార్ అంటే, అది వచ్చినవాడి చెయ్యి నాకి బీరువా ఎక్కడుందో కూడా చూపిస్తుందన్నాడు. బొచ్చు కుక్క అరుస్తుంది గానీ మీ వాడు దాన్ని జేబులో వేసుకుని పోతాడన్నాడు. మూలన బోనులో రాట్‌వైలర్ ఉంది. నన్ను చూసి లేవనుకూడా లేవలేదు, అంత ధీమా. చెల్లెలు దాన్నే చూపించింది. ఆయన మా మేనకోడల్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "దాన్ని అదుపులో పెట్టే పెద్దమనిషి పక్కన ఉండాలమ్మా. పసిపిల్లనీ దాన్నీ ఒక గదిలో పెట్టి తలుపు వెయ్యకూడదు. నిజం చెబుతున్నా, మీ ఇంటికి సరిపడే కుక్క నా దగ్గర లేదు. పొద్దస్తమానం కట్టేసి పోతే అది కాపలా కాదు, జైలు."

బయటికి వచ్చి చెల్లెలు ఫుట్‌పాత్ అంచున కూర్చుండిపోయింది. అప్పుడు మేనకోడలు అంది, "మామయ్యా, నువ్వే మొరగొచ్చుగా."

నవ్వుతాననుకుంది. నేను నవ్వలేదు.

తలుపు మీదికి బోర్డు రాశాను. కుక్క ఉన్నది, లోపలికి రావద్దు. పక్కన డోబర్‌మాన్ బొమ్మ వేశాను. నలుపు, రొమ్ము మీద గోధుమరంగు, చెవులు నిటారుగా. బావ ఫిర్యాదులో ఉన్న కుక్క అదే సార్. ఆయన చూసింది నా బొమ్మనే. మెట్ల మీద ఒక గిన్నె పెట్టాం. కిటికీ ఊచకి గొలుసు కట్టాం. రోజూ నాలుగు నుంచి ఆరున్నర దాకా నేను చెల్లెలి గదిలో కూర్చుని నంబరు ప్లేట్లు రాసుకునేవాణ్ణి. మెట్ల మీద తెలియని అడుగు పడితే గొలుసు లాగి, ఖాళీ రంగు డబ్బాలో తలపెట్టి మొరిగేవాణ్ణి. ఇరవై లీటర్ల డబ్బా, లోపల గొంతు దున్నపోతంత అవుతుంది. ఆ లేని కుక్కకి పెద్దోడు అని పేరు పెట్టాం. ఆరున్నరకి చెల్లెలు మెట్లెక్కినప్పుడూ మొరిగేవాణ్ణి, వీధి వినేట్టు తను, "పెద్దోడా, ఇక ఊరుకో!" అని అరిస్తేనే ఆపేవాణ్ణి. తోడబుట్టినవాణ్ణి ఊరుకోమనడానికి దానికి అంత సరదా ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆయన రెండుసార్లు వచ్చి మెట్ల కిందనుంచే వెళ్ళిపోయాడు.

మంగళవారం అయిదింటికి మళ్ళీ వచ్చాడు. బాగా తాగి ఉన్నాడు. మేనకోడలు లెక్కలు చేసుకుంటోంది. నేను డబ్బాలో తలపెట్టి గొంతు చిరిగేట్టు మొరిగాను. ఆగలేదు. "కట్టేసిన కుక్క ఏం చేస్తుంది? నాన్న వచ్చాడే, తలుపు తియ్యి" అన్నాడు. పిల్ల మంచం కిందికి దూరింది. పెన్సిలు చేతిలోనే ఉంది. తలుపు పక్కన చిన్న కిటికీ ఉంది, అందులోంచి చెయ్యి పెడితే గడియ అందుతుంది. కర్టెన్ కదిలింది. చెయ్యి లోపలికి వచ్చింది. గడియని తడుముతోంది. నేను లేచి నిలబడితే నేనని తెలిసిపోతుంది. మనిషని తెలిస్తే ఆయనకి భయం పోతుంది. అందుకని మోకాళ్ళ మీదే ఉన్నాను. గడియ సగం జరిగింది. కొరికాను. రెండు దవడలతో పట్టి, గుర్రుమంటూ తల అటూ ఇటూ ఊపాను, కుక్క ఊపినట్టే. చెయ్యి ఊడదీసుకుని పరిగెత్తాడు. నోట్లో పెట్రోలు వాసన, ఆయన వాచీ రుచి. పిల్ల పెన్సిలు ఇంకా పట్టుకునే ఉంది.

నమ్మకం లేక మీరు చేతులు కడుక్కునే సబ్బు తెప్పించారు. కొరికి ఇచ్చాను. సబ్బు మీద పై వరుసలో ఒక సందు ఉంది. డాక్టరు కాగితంలో గాటు బొమ్మ చూడండి, అక్కడా అదే సందు. ఆ సందు చేసింది ఆయనే.

కొరికినందుకు కేసు రాసుకోండి. రాట్‌వైలర్ లాగా బోనులో కూర్చుంటాను. నా బాధ అది కాదు. కుక్క లేదని ఆయనకి తెలిసిన రోజున ఆ గడియ పూర్తిగా జరుగుతుంది. అందుకే తలుపు వెయ్యమన్నాను.

తలుపు వేసి ఉందా సార్?

టీ తెచ్చిన కానిస్టేబుల్ సందు ఉంచి వెళ్ళాడు. బెంచీ కనబడుతోంది. బెంచీ మీద మనిషి లేడు. గడియారంలో నాలుగుకి అయిదు నిమిషాలు తక్కువ.

ఇక్కడిదాకా చెప్పింది నిజం. సంతకం తర్వాత పెడతాను.

తరువాయి. అదే రోజు, సాయంత్రం అయిదు గంటల ఇరవై నిమిషాలు, మా చెల్లెలి గదిలో చెప్పినది.

నేను లేవగానే ఇన్‌స్పెక్టరు గారూ లేచారు. జీపులో కూర్చున్నాను. వరండాలో ఉన్న ముసలి కుక్కని కూడా ఎక్కించాను. ఎవరూ వద్దనలేదు. బావ స్కూటరు మీద ముందే వెళ్ళిపోయాడు. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకున్నాను. పిల్ల తాళం తీసి ఉంటుంది. లోపల గడియ పెట్టి ఉంటుంది. కిటికీ ఉంది. మొరిగేవాడు జీపులో ఉన్నాడు.

జీపు వీధి మలుపు తిరుగుతుండగా మొరుగు వినబడింది.

నా గొంతు నాకు తెలుసు సార్. అది నాది కాదు. సన్నంగా మొదలై డబ్బాలో పడి లావెక్కుతోంది. గొలుసు ఊచకి కొట్టుకుంటోంది. ఆయన రెండో మెట్టు మీద ఉన్నాడు. ఎడమ చెయ్యి కిటికీలో మోచేతిదాకా ఉంది. మీరూ చూశారు. జీపు శబ్దానికి తల తిప్పాడు. దిగుతున్న నన్ను చూశాడు. కిటికీని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. మొరిగేది నేనేనని విని కదా వచ్చాడు. నేను ఇక్కడ ఉన్నాను. లోపల మొరుగుతోంది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "లోపల ఎవరు?" అని నన్నే అడిగాడు.

"పెద్దోడు, బావా" అన్నాను. ఈ కాగితంలో అబద్ధం ఉంటే ఆ ఒక్క మాటే. అది ఆయనకి చెప్పింది, మీకు కాదు.

ఆయన మెట్లు చూడకుండా వెనక్కి నడిచి మీ కానిస్టేబుల్ చేతుల్లో పడ్డాడు. కిటికీలో చెయ్యి పెట్టినట్టు ఈసారి సాక్ష్యం మీదే. ఆలుమగల గొడవ అని మీరు అనలేదు.

తర్వాత తలుపు తెరిపించడానికి పదినిమిషాలు పట్టింది. అమ్మా, నేను, మామయ్యని అన్నాను. మొరుగుతూనే ఉంది. మీరు పిలిచారు, లాండ్రీ ఆవిడ పిలిచింది. ఆపలేదు. చివరికి నాకే తట్టి, వీధి వినేట్టు అరిచాను. "పెద్దోడా, ఇక ఊరుకో!"

ఆగింది. గడియ తీసిన చప్పుడైంది. డబ్బా ఇంకా తలమీదే ఉంది, గడ్డానికి ఆకుపచ్చ రంగు అంటింది. "మామయ్యా, నువ్వు లేవుగా, అందుకని" అంది. గొంతు బొంగురుపోయింది.

ముసలి కుక్క ఎవర్నీ అడక్కుండా రెండు మెట్లూ ఎక్కి, గదంతా ఒకసారి వాసన చూసి, మంచం కింద పడుకుంది. షాపాయన అడిగిన ప్రశ్నలన్నిటికీ దీని దగ్గర జవాబు ఉంది సార్. దీనికి పరిగెత్తే పని లేదు, ఒక గది చాలు, పగలంతా నిద్రే. మొరగదు, కరవదు. కరిచిందని మాత్రం మీ కాగితాల్లో ఆయన సంతకంతో ఉంది. దీన్ని మా చెల్లెలికి అప్పగించమని కోరుతున్నాను. చెల్లెలు ఇంకా ఫ్యాక్టరీలోనే ఉంది, తనకి ఇవేవీ తెలియవు. ఆరున్నరకి వస్తుంది.

నేను కొరికిన మాటా, కొరికిన చెయ్యీ, ఎందుకు కొరికానన్నదీ పైన చెప్పినట్టే జరిగాయి. రాసింది మీరు చదివి వినిపిస్తే విన్నాను, ఎక్కడా దిద్దమనలేదు. చేతికి రంగుంది కాబట్టి సంతకం మీద మరక పడింది. ఆ మరకా నాదే.

సంతకం: రంగుల బాబాయి