శిఖరం కట్టిన మేస్త్రీ

ఆదివారం పూజ ముగిశాక చర్చి ఎదుటి టీ బడ్డీ దగ్గర తాపీ మేస్త్రీ కోతలు మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. మర్నాడు ఆయనకి గుండె ఆపరేషన్. అందుకే కాబోలు, ఆవేళ గొంతు మరీ పెంచాడు. ఆయన భార్య వెనక బల్ల మీద కూర్చుని వింటోంది.

"పిడుగు పడి చర్చి శిఖరం కూలిన ఏడు నేను కుర్ర మేస్త్రీని. ముత్తాతల నాటి కట్టడం, చేతులు జోడించినట్టు కోసుగా లేచిన రాతి తోరణాలు, ముట్టుకోవడానికే అందరికీ భయం. ఫాదర్‌గారు నన్ను పిలిచారు. పగిలిన రాయి ఒకటి మార్చాను, అంతే."

"అంతేనా?" అన్నాడు మంగలి.

"అంతే అంటే ఎలా? దాన్ని మార్చేసరికి పక్క రాయి అలిగింది. దాన్నీ మార్చి, ఆ పైదీ మార్చి, అలా పోతూ ఉంటే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద వేడివేడిగా వడ్డించిన అన్నం నా దగ్గరికి చేరేసరికి చద్దన్నం అయ్యేది. మబ్బులు అడ్డొస్తే తాపీతో గీకి అవతల పారేసేవాణ్ణి. గుండ్రటి కిటికీకి ఎర్ర అద్దం తక్కువైతే, దిగిపోతున్న సూర్యుడి అంచు కాస్త చెక్కి బిగించాను. చివరికి దేవదూతే తొంగిచూసి, 'మేస్త్రీ, ఇంకొక్క రాయి పెట్టావంటే మా గడప విరుగుతుంది' అన్నాడు."

"మరి దిగడం ఎలా?" అన్నాడు దర్జీ.

మేస్త్రీ తలెత్తి శిఖరం కేసి చూశాడు. చేతిలో గ్లాసుతోనే భార్య వైపు తిరిగాడు. పొద్దున ఆయన చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకోవడం ఆమె చూసింది. లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"శిఖరం కట్టింది మా నాన్న," అంది. "ఈయన మొదటి పరంజా దాకా ఎక్కి, కిందికి చూసి, గుంజని వాటేసుకుని అమ్మా అన్నాడు. నేనప్పుడు సున్నం తట్టలు మోసేదాన్ని. ఎక్కి, చెయ్యి పట్టుకుని దింపుకొచ్చాను. అదీ మా పెళ్ళిచూపులు."

బడ్డీ అంతా ఘొల్లుమంది. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. తల వంచుకుని, ఆమెకి మాత్రమే వినబడేలా అడిగాడు.

"రేపు పక్కనే ఉంటావా?"

"ఆపరేషన్ గది తలుపు దాకా రానిస్తారట, వస్తాను," అంటూ ఆమె గ్లాసు అందుకుంది. "రేపటి కోతలు డాక్టరుగారివి. నువ్వు కాసేపు ఊరుకుంటే చాలు."