మెట్లు విప్పిన రోజు

“అమ్మమ్మా, మేడ మెట్లు పైనేమో పాతవి, కిందేమో కొత్తవి. ఎందుకలా?”

అదా... కూర్చో, చెప్తాను. ఆ చెక్క మెట్లు మా మావగారు చేయించినవి. గిలకలదిండి రేవులో ఎవరిదో పాత పడవ విప్పేస్తుంటే ఆ చెక్కలు కొని బండి మీద, కాదు కాదు, లారీ మీద తెచ్చారంట. నేను కాపురానికొచ్చేసరికే కిర్రుకిర్రుమనేవి. రానురాను మేకులు వదులైపోయి, కాలేస్తే మెట్టు పక్కకి జరిగేది. మీ తాతయ్య బస్సు డ్రైవరుగా చేశారు కదా, రిటైరయ్యాక చేతులు ఊరుకోవు. మొవ్వ నుంచి వడ్రంగి ఇదిగో వస్తా అదిగో వస్తా అంటున్నాడని, ఆ పొద్దున తనే కింది మెట్లన్నీ విప్పి వాకిట్లో పేర్చారు.

ఆ మధ్యాహ్నమే ఆటోలో మైకు పెట్టి చెప్పుకుంటూ పోయారు, పై ఆనకట్ట నుంచి ఏట్లోకి నీళ్లు వదిలారు, లంకలో వాళ్లంతా కరకట్ట మీదికి వెళ్లిపోండి అని. మనిల్లు కట్టకి లోపల, ఏటి వైపే కదమ్మా. ఏటా చెప్తారులే అనుకున్నాం. చూస్తుండగానే రోడ్డు మునిగింది. ఇక ఎటూ కదలడానికి లేదు. మేడ మీద గదొక్కటే దిక్కు. దానికేమో మెట్లు లేవు.

మీ తాతయ్య ఆ చెక్కలు గబగబా తెచ్చి మళ్లీ మేకులు కొడుతున్నారు. నీళ్లు గడప దాటేశాయి. సుత్తి వేలి మీద పడుతోంది, అయినా ఆపట్లేదు. అప్పుడొచ్చింది పక్కింటి రత్తమ్మ వదిన. వాళ్లాయన బోటు మీద చేపల వేటకెళ్లాడు, ఒక్కతే ఉంది. భారీ మనిషి, మోకాళ్లు సరిగా వంగవు. మురుగు కాలవ తగాదాతో మాకు చాన్నాళ్లుగా మాటల్లేవులే. గుమ్మం బయట కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది, లోపలికి రాదు. “వదినా, రా” అన్నాను. వచ్చింది.

మెట్లు చూసి, “నేనెక్కితే ఇవి ఆగవు సుగుణా. మీరెక్కండి” అంది.

“నువ్వెక్కకపోతే మేమూ ఎక్కం అక్కా” అని మీ తాతయ్య మెట్ల కిందకి దూరి, పక్క చెక్కకి భుజం ఆనించి నిలబడ్డారు. నడుం దాకా నీళ్లు. నేను ముందెక్కాను. వదిన మెట్టు మీద కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ వస్తోంది. నేను చంకల కింద చేతులేసి లాగుతున్నాను. జరిగినప్పుడల్లా చెక్క మూలుగుతోంది.

ఆవిడ మెట్ల మధ్య మలుపు దగ్గరి గచ్చు మీదికి చేరిందో లేదో, కింది మెట్లన్నీ ఒక్కసారిగా విరిగి కూలిపోయాయి. మీ తాతయ్య మీదే.

“ఏవండీ” అన్నాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. బురదనీళ్లు తప్ప ఏం కనపడట్లా.

వదినే తేరుకుంది. బోర్లా పడుకుని, నడుం దాకా కిందకి వంగిపోయింది. నేను ఆవిడ కాళ్ల మీద కూర్చున్నా, జారిపోకుండా. నీళ్లలో తడిమి తడిమి, చెయ్యి దొరకబుచ్చుకుని లాగింది. వలలు లాగిన చేతులు కదా. మీ తాతయ్య దగ్గి, ఊపిరి తీసుకుని, ఒక్క కేక పెట్టారు. భుజం ఎముక విరిగిందని మాకప్పుడు తెలీదు.

“అరువు తమ్ముడూ, బాగా అరువు. అరుస్తుంటే బతికున్నట్టే” అంటూనే పైకి లాగేసింది.

తెల్లారాక పడవొచ్చింది. అవనిగడ్డ ఆసుపత్రికి ఆవిడే దగ్గరుండి తీసుకెళ్లింది, నేను ఏడుస్తూ కూర్చున్నానంతే. వాళ్లాయన రేవు నుంచి వచ్చాక వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి, కింది మెట్లు బోల్టులేసి కొత్తగా పెట్టించాడు. ముందు వదినే ఎక్కి చూసింది. “నేనెక్కానంటే ఇక ఊరంతా ఎక్కొచ్చు” అంది.

ఇప్పటికీ మీ తాతయ్యకి ఆ చెయ్యి పైకి లేవదు. చొక్కా నేనే తొడుగుతాను. ఏదో, మనిషున్నారు, అది చాలు...

ప్రభువు నీకు మంచి ఇరుగుపొరుగునివ్వాలి తల్లీ. మిగతావి నువ్వే సంపాదించుకుంటావులే.