బాంబ్ షెల్టర్‌లో పెద్దమనిషి

హలో… ఆ, నేనే పిన్నీ, ప్రణవిని. అమ్మ పాత ఫోన్ నుంచి చేస్తున్నా… మెల్లగా మాట్లాడు, నానమ్మ హాల్లోనే ఉంది.

లేదు… ఏడవట్లేదు… సరే, ఏడ్చా. ఇప్పుడు కాదు, పొద్దున.

ఎక్కడా? షెల్టర్‌లో… అదే, బాంబులు పడితే దాక్కోవడానికి ఈ దేశంలో ప్రతి ఫ్లాట్‌లోనూ కట్టి ఉంటుందే, మనం సూట్‌కేసులూ బియ్యం సంచులూ పెట్టుకునే గది… నానమ్మే అంది, విడిగా కూర్చోబెట్టాలంటే ఇంట్లో ఇదొక్కటే మూల అని… కిటికీనా? బాంబ్ షెల్టర్‌కి కిటికీ ఎవరు పెడతారు పిన్నీ!

ఆ, చాప వేశారు. మనం బీచ్‌కి తీసుకెళ్ళేది. ఇంకా ఇసుకుంది దాన్లో… ప్లేటు విడిగా, గ్లాసు విడిగా. శనివారం ఫంక్షన్ అయ్యేదాకా స్కూల్ కూడా వద్దంట.

డాడీనా?… డాడీ నన్ను చూడకూడదంట. ఆఫీస్ నుంచి వచ్చి మొహం అటు తిప్పుకుని, "తిన్నావా అమ్మలూ" అని గోడని అడిగాడు… నవ్వకు. నాకేం నవ్వు రావట్లేదు.

ఇంకోటి విను. నానమ్మ వాట్సాప్‌లో పెట్టేసింది… చుట్టాల గ్రూప్ అనుకుని మా బ్లాక్ తెలుగువాళ్ళ గ్రూప్‌లో. 'మా మనవరాలు పెద్దమనిషి అయినది, అందరూ వచ్చి ఆశీర్వదించగలరు' అని. నా ఫొటోతో సహా!… డిలీట్ చేసి ఏం లాభం? అప్పటికే అందరూ దండాలు పెట్టేశారు. వరుణ్ వాళ్ళమ్మ అయితే లడ్డూ బొమ్మలు పెట్టారు… ఆ, మా క్లాస్ వరుణే. ప్రాజెక్ట్‌లో నా పార్ట్‌నర్. డై ఆల్రెడీ లా, నా పని అయిపోయింది పిన్నీ.

ప్రాజెక్టా… అపాచీలని, అమెరికాలో మొదట్నుంచీ ఉన్నవాళ్ళు. వాళ్ళ అమ్మాయిలు పెద్దమనిషి అయితే ఏం చేస్తారో, అది… ఒట్టు, టాపిక్ నేనే ఎంచుకున్నా! అప్పటికి నాకింకా కాలేదుగా… రేపే ప్రెజెంటేషన్.

వాళ్ళూ పసుప్పచ్చ పొడే చల్లుతారు పిన్నీ, మన పసుపులాగే… పుప్పొడంట. కానీ ఆ పిల్లని మూల కూర్చోబెట్టరు. అందరి మధ్యలో డాన్స్ చేస్తుంది. నాలుగు దిక్కులకీ పరిగెడుతుంది. ఒంట్లో బాగాలేని వాళ్ళొచ్చి ఆ పిల్లనే దీవించమంటారు… ఇక్కడ నా చెయ్యి తగిలిందని నానమ్మ మళ్ళీ తలస్నానం చేసింది.

చెప్పా… అమ్మకీ చెప్పా. 'ఓర్చుకోవే, మేమంతా కూర్చున్నవాళ్ళమే' అంది…

నువ్వూనా?… ఎక్కడ?… మెట్ల కింద గదిలోనా… లైట్ లేదా?… భయమెయ్యలేదా?… మరి ఎవరికి ఫోన్ చేశావు?… అవునులే, అప్పుడు నీ దగ్గర ఫోన్ ఎక్కడిది. పోనీ ఎవర్నైనా పిలిచావా?… ఎవరూ రాలేదా…

పిన్నీ… ఏడుస్తున్నావా?

నాకు నువ్వున్నావు కదా. వచ్చి తీసుకెళ్ళు. మీ క్లెమెంటి నుంచి మా పాసిర్ రిస్‌కి ఒకటే ట్రైన్, మారక్కర్లేదు కూడా… నీ రూమ్‌లో కింద పడుకుంటా. రేపు స్కూల్ దగ్గర దింపెయ్యి, చాలు… నువ్వు చెబితే అమ్మ వింటుంది… నాకిక్కడ ఊపిరాడట్లేదు పిన్నీ.

ఏంటి… ట్రైన్‌లోనే ఉన్నావా? నిజంగా?… ముందే చెప్పవేం! ఉండు, నేను షూస్ వేసుకుని రెడీగా—

బ్యాగా? ఏం బ్యాగు?…

నువ్వుల చిమ్మిలి… ఇంకా?… పూలజడ. ఫంక్షన్‌కా… లిటిల్ ఇండియాలో కట్టించావా… అమ్మ చెప్పిందా… నిన్ననేనా.

లేదు… కోపం కాదు… బాగానే ఉంటుందిలే…

ఊఁ… మెల్లగానే రా పిన్నీ. తొందరేం లేదు. నేనెక్కడికి పోతాను… పెట్టేస్తున్నా.